మళ్లీ కెమెరా పట్టేవారికి నికాన్ 35 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు: శ్రీకాకుళం వెలుతురులో వాడి చూసిన సమీక్ష

చదువు కోసం కెమెరాను బీరువాలో పెట్టినవారికి, ఆ చదువు ముగిశాక దాన్ని మళ్లీ బయటికి తీసినప్పుడు మొట్టమొదట పుట్టే కోరిక కొత్త కెమెరా కొనాలన్నదే. ఈలోగా మార్కెట్టు మారిపోయి ఉంటుంది. అద్దమున్న డీఎస్ఎల్ఆర్‌ల స్థానంలోకి మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాయి, యూట్యూబ్‌లో ఏ సమీక్ష చూసినా వాటి గురించే ఉంటుంది, మన చేతిలోనిది పాతబడిపోయిందన్న భావన రోజురోజుకూ బలపడుతుంది. పీజీ, ఆ వెంటనే పోటీ పరీక్షలు పూర్తిచేసుకుని శ్రీకాకుళంలో ఉద్యోగంలో కుదురుకున్న నాకూ ఆ కోరిక కలిగింది. అయితే నా దగ్గరున్న నికాన్ డీ5600 చక్కగా పనిచేస్తూనే ఉంది. అందువల్ల కొత్త కెమెరాకు పెట్టవలసిన సొమ్ములో చిన్న భాగంతో నికాన్ ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 మి.మీ. ఎఫ్/1.8జీ అనే ప్రైమ్ లెన్సును, అంటే జూమ్ లేని లెన్సును కొన్నాను. వానాకాలం నుంచి వేసవి దాకా దాన్నే వాడి రాస్తున్న సమీక్ష ఇది. నా తీర్పును ముందే చెబుతాను: ఫోటోగ్రఫీకి తిరిగి వచ్చేవారికి ముందుగా కావలసింది కొత్త బాడీ (లెన్సు కాక మిగిలిన కెమెరా) కాదు, ఎక్కువ వెలుతురును లోపలికి తీసుకునే ఒక చిన్న లెన్సు.

ఇలా అనడానికి కారణం మన ప్రాంతపు సాయంత్రాల్లోనే ఉంది. శ్రీకాకుళం దేశంలో తూర్పు వైపున ఉన్న జిల్లా కాబట్టి, భారత కాలమానం ప్రకారం ఇక్కడ సూర్యుడు తొందరగా ఉదయించి తొందరగానే అస్తమిస్తాడు. నవంబరు, డిసెంబరు నెలల్లో సాయంత్రం అయిదున్నర కాకముందే పొద్దు గూకుతుంది. చదువుకునేవారికైనా, ఉద్యోగం చేసేవారికైనా తమదని చెప్పుకోదగిన సమయం మిగిలేది సరిగ్గా ఆ వేళకే. ఇంటికి చేరి, బ్యాగు అందుకుని నాగావళి గట్టుకు వెళ్లేసరికి అక్కడ మిగిలి ఉండేది నీలంగా మారుతున్న ఆకాశం, అప్పుడే వెలుగుతున్న దీపాలు మాత్రమే. కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్సు తడబడేది ఈ వెలుతురులోనే.

లెక్క చూస్తే విషయం స్పష్టమవుతుంది. 18-55 మి.మీ. కిట్ లెన్సును 35 మి.మీ. దగ్గర పెడితే దాని గరిష్ఠ అపెర్చర్, అంటే వెలుతురును లోపలికి వదిలే రంధ్రం, సుమారు ఎఫ్/4.5 ఉంటుంది; ఈ ఎఫ్ అంకె చిన్నదైన కొద్దీ రంధ్రం పెద్దది. ఎఫ్/1.8కి, ఎఫ్/4.5కి మధ్య వెలుతురులో తేడా ఆరు రెట్లకు పైనే. అంటే కిట్ లెన్సుతో ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సారు స్పందించే స్థాయి) 6400 పెట్టి, గరకుగా, రంగులు వెలిసిపోయినట్టుగా తీసుకోవలసిన ఫోటోను ఈ లెన్సుతో అదే షటర్ వేగంలో ఐఎస్ఓ 1000 దగ్గర తీయవచ్చు. కిట్ లెన్సులో చేతి వణుకును సరిదిద్దే వీఆర్ సౌకర్యం ఉంది, ఇందులో లేదు. ఆ మాటా నిజమే. గుడి గోపురం, కట్టిన పడవ వంటి కదలని వాటికి వీఆర్ ఎంతో ఉపకరిస్తుంది. కాని మనుషులు కదులుతారు. కదిలే చేతిని నిలబెట్టగలిగేది షటర్ వేగమే తప్ప వీఆర్ కాదు, ఆ వేగానికి కావలసింది వెలుతురు.

దీన్ని నేను బాగా గ్రహించింది పొందూరులో. సన్నని ఖాదీకి పేరుపడ్డ ఆ ఊళ్లో ఇప్పటికీ కొందరు స్త్రీలు ఇళ్లలోనే కొండపత్తితో నూలు వడుకుతున్నారు. పత్తిని శుభ్రం చేయడానికి వారు వాడే సాధనం వాలుగ చేప దవడ ఎముక. అందులోని పళ్లు ఎంత సన్నగా, ఎంత దగ్గరదగ్గరగా ఉంటాయంటే, గింజ చుట్టూ ఉన్న పీచును దానితో దువ్వినప్పుడు పోగులన్నీ ఒకే వైపుకు తిరిగి పట్టులా మెరుస్తాయి. ఈ పనంతా జరిగేది గుమ్మం పక్కనో కిటికీ పక్కనో, ఒకే వైపు నుంచి వచ్చే వెలుతురులో. అక్కడ ఫ్లాష్ వేస్తే పత్తి తెల్లటి ముద్దగా మారిపోతుంది, పోగుకూ పోగుకూ మధ్య ఉన్న నీడ చెరిగిపోతుంది. ఆ నీడ లేకపోతే పొందూరు నూలు ఎంత సన్ననిదో ఫోటోలో తెలియదు.

ఈ లెన్సు 30 సెంటీమీటర్ల దగ్గరి నుంచి ఫోకస్ అవుతుంది. వడుకుతున్న మామ్మ అనుమతి తీసుకుని, నేల మీద కూర్చుని, ఆమె చేతికి అంత దగ్గరగా కెమెరా పెట్టినప్పుడు "ఏటి బాబూ, అంత దగ్గరకొచ్చి తీస్తన్నావు, నా ముకం పడతాదా ఇందులో?" అని అడిగింది. ముఖం పడదు, చేతులే పడతాయని చెబితే సంతోషించి, దవడ ఎముకను వెలుతురుకు ఎదురుగా తిప్పి పట్టుకుంది. అంత దగ్గరలో ఎఫ్/1.8 వాడితే స్పష్టంగా ఉండే లోతు అర సెంటీమీటరు కూడా ఉండదు; ఒక పన్ను స్పష్టంగా వస్తే దాని పక్కది మసకబారుతుంది. అందుచేత దూరాన్ని కొంచెం పెంచి, అపెర్చర్‌ను ఎఫ్/2.8కి తగ్గించి, షటర్ వేగం సెకనులో 250వ వంతు దగ్గర ఉంచి, ఐఎస్ఓను 1600 దాకా వెళ్లనిచ్చాను. వేలి మీద అంటుకున్న పీచు, ఎముక అంచున చిక్కుకున్న నలుసు, వెనక ఆడుతున్న రాట్నపు చక్రం ఒక నీడగా, అన్నీ వచ్చాయి. డీ5600లో ఉన్న 24.2 మెగాపిక్సెళ్ల సెన్సారు మీద ఐఎస్ఓ 1600 ఏమాత్రం ఇబ్బంది పెట్టదు. ఆ ఫోటోను తర్వాత పెద్ద సైజులో ప్రింటు వేయించినప్పుడు కూడా పోగులు విడివిడిగానే కనిపించాయి.

ఈ సెట్టింగులు పుస్తకం చూసి పెట్టినవి కావు, చేతికి అప్పటికప్పుడు తోచినవి. చాలాకాలం విరామం తర్వాత అలా తోచడానికి ఈ లెన్సు సాయపడిందని నా నమ్మకం. ఇందులో జూమ్ లేదు. డీ5600లో ఉన్న చిన్నసైజు డీఎక్స్ సెన్సారు మీద 35 మి.మీ. అంటే పాత ఫిల్ము కెమెరాల లెక్కలో దాదాపు 52 మి.మీ.; కన్ను శ్రద్ధ పెట్టి చూసే వైశాల్యానికి దగ్గరగా ఉండే కోణం. మూడు మీటర్ల దూరంలో నిలబడితే ఫ్రేము వెడల్పు రెండు మీటర్లు. కెమెరాను నిలువుగా పట్టుకుంటే అదే దూరంలో నిలుచున్న మనిషి తల నుంచి పాదాల దాకా సరిపోతాడు. ఈ కొలత ఒకసారి మనసుకు పట్టిందంటే, వ్యూఫైండర్‌లో చూడకముందే ఎక్కడ నిలబడాలో కాళ్లకు తెలుస్తుంది. జూమ్ లెన్సుతో ఈ సాధన కుదరదు, ఎందుకంటే అక్కడ కోణం ప్రతిసారీ మారుతుంది, మనం మాత్రం నిలబడిన చోటనే ఉండిపోతాం.

శాలిహుండం కొండ మీద దీనికి మంచి పరీక్ష జరిగింది. వంశధార దక్షిణపు ఒడ్డున ఉన్న ఈ బౌద్ధ క్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులుగారు. భాషకు ఆయన చేసిన సేవ అందరికీ తెలిసినదే, కాని ఆ ఇటుక స్తూపాల మధ్య నడుస్తున్నప్పుడు ఆయనను ఈ పని కోసం కూడా తలచుకోవాలనిపిస్తుంది. అక్కడి కట్టడాలలో చాలా వరకు గుండ్రనివి. వలయాకారంలో పేర్చిన ఇటుకల వరస పూర్తిగా ఫ్రేములో పట్టాలంటే ఈ లెన్సుతో వెనక్కి వెనక్కి జరగాలి, ఒక్కోచోట కొండ అంచు అడ్డొస్తుంది. అటువంటి చోట్ల మొత్తం వలయం రాదు. నాకు అది లోటుగా తోచలేదు. వలయంలో ఒక వంపు, దాని వెనక కింద మెరుస్తున్న వంశధార ఇసుక తిన్నెలు, రెండింటినీ కలిపి తీసుకోవడానికి ఉదయపు ఏటవాలు ఎండలో ఈ కోణమే సరిపోయింది. విశాల దృశ్యాల మీద మక్కువ ఉన్నవారికి మాత్రం కిట్ లెన్సులోని 18 మి.మీ. కొస అవసరమవుతుంది, కాబట్టి దాన్ని అమ్మేయవద్దని నా సలహా.

ఇక లెన్సులోని లోపాల విషయం. 2009లో వచ్చిన డిజైను ఇది. ఎఫ్/1.8 దగ్గర వెలుగునీడల తేడా ఎక్కువగా ఉన్న అంచుల్లో ఊదా రంగు, ఆకుపచ్చ రంగు చారలు కనిపిస్తాయి. ఇత్తడి బిందె మీద పడిన మెరుపు చుట్టూ, ఆకాశానికి ఎదురుగా ఉన్న కొబ్బరాకు అంచుల వెంబడి ఇవి బాగా తెలుస్తాయి. ఫోకస్‌కు ముందున్న భాగంలో ఊదా, వెనకనున్న భాగంలో ఆకుపచ్చ ఛాయ వచ్చే ఈ లోపాన్ని కంప్యూటరులో పూర్తిగా తొలగించడం కష్టం, ఎఫ్/2.8కి తగ్గిస్తే చాలా వరకు పోతుంది. సరళరేఖలు కొంచెం బయటికి వంగినట్టు రావడం మరో లోపం, దాన్ని మాత్రం సాఫ్ట్‌వేర్‌లో తేలికగా సరిచేయవచ్చు. ఫోకస్ మోటారు నిశ్శబ్దంగా పనిచేస్తుంది గాని మెరుపు వేగం ఆశించకూడదు. బరువు 200 గ్రాములే. డీ5600తో కలిపి రోజంతా మెడలో వేసుకున్నా భారమనిపించదు, జనంలో ఎవరి దృష్టినీ అంతగా ఆకర్షించదు.

ఆ చివరి గుణం ఊళ్లో తిరిగేటప్పుడు ఎంతో మేలు చేసింది. చీకటి పడ్డాక ఏడురోడ్ల కూడలి చుట్టుపక్కల టిఫిన్ బండ్ల దగ్గర, పెనం మీద నుంచి లేచే ఆవిరి వెనక దీపం ఉండేలా నిలబడితే కిట్ లెన్సుతో ఊహించలేని ఫోటోలు వస్తాయి. ఇక్కడ విరామం తర్వాత తిరిగి వచ్చేవారు కొత్తగా తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. బండ్ల దగ్గరా దుకాణాల్లోనూ ఇప్పుడు ఎక్కడ చూసినా ఎల్ఈడీ దీపాలే. వాటిలో చవకరకం దీపాలు కరెంటు లయకు తగ్గట్టు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు గాని, షటర్ వేగం పెంచితే ఒక ఫోటో వెలుగ్గా, మరుసటిది మసకగా వస్తుంది, ఒక్కోసారి ఫోటోలో అడ్డంగా నీడ పట్టీలు పడతాయి. షటర్‌ను సెకనులో 100వ వంతు దగ్గర, లేదా 50వ వంతు దగ్గర ఉంచితే ఈ బెడద ఉండదు. లోపం లెన్సుదీ కెమెరాదీ కాదని ముందే తెలిసి ఉంటే అనవసరంగా సర్వీసు సెంటరు చుట్టూ తిరగనక్కరలేదు.

బాడీ గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే ఈ లెన్సు విలువ దాని మీద ఆధారపడి ఉంది. 2016లో ప్రకటించిన డీ5600లో ఆటోఫోకస్ మోటారు బాడీలో ఉండదు, లెన్సులోనే ఉండాలి. పాత కెమెరాల దుకాణాల్లో చవకగా కనిపించే 50 మి.మీ. ఎఫ్/1.8డీ లెన్సును దీనికి తగిలిస్తే ఫోకస్‌ను చేత్తో తిప్పుకోవలసిందే. పేరులో ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పీ అని ఉన్న లెన్సులనే తీసుకోవాలి. 39 ఫోకస్ బిందువులు నేటి మిర్రర్‌లెస్‌లతో పోలిస్తే తక్కువే, వ్యూఫైండర్‌లో దృశ్యంలోని 95 శాతమే కనిపిస్తుంది, 4కే వీడియో లేదు. స్క్రీన్ మీద చూస్తూ ఫోకస్ చేయాలంటే నెమ్మదిగా జరుగుతుంది. వీడియోలే ముఖ్యమైనవారు ఇక్కడే ఆగి వేరే కెమెరా చూసుకోవడం మంచిది.

అయితే నిశ్చల చిత్రాలకు, అందులోనూ చాలాకాలం పుస్తకాలతో, స్క్రీన్లతో గడిపి వచ్చినవారికి, అద్దం గుండా నేరుగా కనిపించే వ్యూఫైండర్ గొప్ప ఊరట. అక్కడ కనిపించేది ఎదుటి వెలుతురే, దాని మీద ఏ అంకెలూ గ్రాఫులూ పరుచుకుని ఉండవు. బ్యాటరీ కంపెనీ లెక్కన ఒక ఛార్జికి 970 ఫోటోలు. కాళింగపట్నం వెళ్లి వచ్చిన రోజున కూడా రెండో బ్యాటరీ అవసరం రాలేదు. బీరువాలో చాలాకాలం ఉన్న కెమెరా గడియారం ఆగిపోయి ఉంటుంది గనుక, మొదటిసారి తీసినప్పుడు తేదీ, సమయం సరిచేసుకోవాలి. లేకపోతే ఫోటోలన్నీ తప్పు తేదీతో నిలిచిపోతాయి.

కాళింగపట్నం ప్రస్తావన వచ్చింది కాబట్టి తీరప్రాంతపు జాగ్రత్త ఒకటి. వంశధార సముద్రంలో కలిసే ఆ చోట, లైట్‌హౌస్ దగ్గర గాలిలో ఉప్పు, ఇసుక రెండూ ఉంటాయి. లెన్సును బాడీకి తగిలించే అంచు చుట్టూ సన్నని రబ్బరు పట్టీ ఉన్నమాట నిజమే గాని, అది లెన్సు మొత్తానికి రక్షణ కాదు. అక్కడ లెన్సు మార్చకూడదు, ఇంటికి వచ్చాక కొద్దిగా తడిపి పిండిన మెత్తటి గుడ్డతో బయటి భాగాన్ని తుడవాలి. ఒక్క లెన్సుతోనే వెళ్లడం వల్ల మార్చవలసిన అవసరమే రాదు, అది ప్రైమ్ లెన్సు వల్ల కలిగే మరో లాభం. వానాకాలంలో మన ఇళ్లలోని తేమకు లెన్సు లోపల సాలెగూడు పోగుల్లా ఫంగస్ పడుతుంది. తోలు సంచిలో, చెక్క బీరువాలో పెట్టడం కన్నా, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచడం క్షేమం. పొట్లాల రంగు మారినప్పుడల్లా వాటిని వేడిచేసి ఆరబెట్టాలి, లేదా మార్చాలి. అన్నిటికన్నా మేలైనది లెన్సును తరచుగా బయటికి తీసి వెలుతురు తగలనివ్వడం.

ఈ లెన్సు పూర్తిగా చేతులెత్తేసే చోటు టెక్కలి దగ్గరి తేలినీలాపురం. అక్కడికి వలస వచ్చే గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు ఊళ్లోని చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. సెప్టెంబరు నుంచి మార్చి దాకా చెట్లన్నీ వాటితో నిండి ఉంటాయి. ఊరివాళ్లు వాటిని ఇంటికొచ్చిన చుట్టాల్లాగా చూసుకుంటారు. 35 మి.మీ.తో తీస్తే చెట్టు వస్తుంది, చెట్టు మీద తెల్లటి చుక్కలు వస్తాయి. పక్షి కన్ను, ముక్కు కింది సంచి కనిపించాలంటే కనీసం 300 మి.మీ. దాకా వెళ్లే లెన్సు కావాలి. డీ5600కు సరిపోయే ఏఎఫ్-పీ 70-300 వీఆర్ ఆ పనికి తగినది. పక్షుల కోసమే కెమెరా పట్టేవారు ఈ సమీక్ష చూసి 35 మి.మీ. కొనవద్దు. దగ్గరికి వెళ్లి తీద్దామన్న ఆశతో గూళ్ల కిందికి చేరితే పక్షులు బెదురుతాయి, ఒక్కోసారి పిల్లలు గూటిలోంచి జారిపడతాయి. ఏ లెన్సుతో తీసిన ఏ ఫోటో కూడా అంత విలువైనది కాదు.

కొనే విధానం గురించి నాలుగు మాటలు. లెన్సును సెకండ్‌హ్యాండ్‌లో తీసుకునేవారు వెనక మూత తీసి, ఒక వైపు నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి రెండో వైపు నుంచి చూడాలి. దుమ్ము రేణువులు కొన్ని ఉన్నా ఫరవాలేదు, ఫంగస్ పోగులు ఒక్కటి కనిపించినా వద్దనాలి. ఆటోఫోకస్‌ను అతి దగ్గరి నుంచి దూరానికి పలుమార్లు పంపి మోటారు శబ్దం వినాలి. ఎఫ్/1.8లో ఒకటి, ఎఫ్/16లో ఒకటి తీసి చూస్తే అపెర్చర్ రేకులు సరిగా కదులుతున్నదీ లేనిదీ తెలుస్తుంది. బాడీని కూడా పాతదే తీసుకునేటట్లయితే, ఎఫ్/16లోనే ఖాళీ ఆకాశాన్ని ఫోటో తీసి సెన్సారు మీద మరకలు చూసుకోవాలి, షటర్ ఎన్నిసార్లు పనిచేసిందో ఫోటో ఫైలులోని వివరాల్లో చూసుకోవాలి, పక్కకు తెరుచుకునే స్క్రీన్ కీలు వదులైందేమో తిప్పి చూడాలి. ముందు భాగంలో వేసే ఫిల్టరు సైజు 52 మి.మీ.; ఖరీదైన యూవీ ఫిల్టరు కన్నా మంచి హుడ్ (లెన్సు ముందు తొడిగే గొట్టం) వేసుకోవడం నా దృష్టిలో మేలు, అది ఎదురెండను ఆపుతుంది, తగిలిన దెబ్బను తాను తీసుకుంటుంది.

ప్రింట్లు వేయించదలచుకున్నవారు ఈ కెమెరా ఫ్రేము మూడుకు రెండు నిష్పత్తిలో ఉంటుందని గుర్తుంచుకోవాలి. 4×6, 8×12 అంగుళాల సైజులకు అంచులు తెగకుండా సరిపోతుంది. 8×10 అడిగితే పక్కలు పోతాయి. స్టూడియోలో ఇచ్చేటప్పుడు రంగులు దిద్దవద్దని ముందే చెప్పాలి, లేకపోతే సాయంకాలపు నీలిమను లోపంగా భావించి పసుపు కలుపుతారు. పొందూరు మామ్మకు ఇచ్చిన 8×12 ప్రింటు అలా చెప్పి వేయించినదే. ఎఫ్/2.8, ఐఎస్ఓ 1600.